పద్యమున వెలసిన కృతజ్ఞత

ద్రోణాచలమను పేరుతో ప్రసిద్ధి కెక్కిన డోన్ పట్టణము నేడు నంద్యాల జిల్లాలోనిది. చుట్టును రాతినేలలు, వానకై యెదురుచూచు మెట్టచేలు కలవు. ఈ సీమలోని క్రైస్తవ ప్రార్థనా మందిరములలో ఆదివారమునాడు తెలుగు కీర్తనలు వినవచ్చును. 19వ శతాబ్దమున పురుషోత్తమ చౌదరి మొదలగువారు దైవమునకు కృతజ్ఞత తెలుపుచు రాగతాళములతో అట్టి కీర్తనలను రచించిరి. కీర్తనలో భక్తుడు పాడిన కృతజ్ఞతను పద్యకావ్యములో నిలిపిన మహాకవి గుఱ్ఱము జాషువా.

డోన్ నుండి తూర్పునకు బోవు రైలుమార్గము నంద్యాలను దాటి, నల్లమల కొండల నడుమ సాగి, వినుకొండను చేరును. ఆ వినుకొండలోనే 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన జాషువా జన్మించెను. తండ్రి వీరయ్య, తల్లి లింగమాంబ. ఆ కుటుంబము క్రైస్తవ కుటుంబము, పేద కుటుంబము.

బాలుడు తెలుగు పద్యముపై మక్కువ పెంచుకొనెను. ఆ మక్కువయే ఆయనకు రెండు వైపుల నుండియు కష్టము తెచ్చెను. వినుకొండలో జరిగిన అవధాన సభలో ఆయన పద్యములు చదువగా, అంటరానివానిని సభకేల రానిచ్చితిరని కొందఱు అవమానించిరి. హిందూ పురాణ గాథలపై కవిత్వమేలయని క్రైస్తవులలో కొందఱు నిందించిరి. పేదఱికము, కులమత భేదము తనకు గురువులనియు, మొదటిది సహనమును, రెండవది ఎదిరించు శక్తిని నేర్పెననియు ఆయన చెప్పుకొనెను.

1932లో వెలువడిన 'ఫిరదౌసి' కావ్యమున, బంగారు నాణెములిత్తునని మాట యిచ్చి వెండి నాణెములు పంపిన సుల్తాను కృతఘ్నతను జాషువా చిత్రించెను. పిదప 1958లో 'క్రీస్తు చరిత్ర'ను రచించెను. యేసు వడ్రంగి యింట పెరిగెను. జాలరులను శిష్యులుగా గైకొనెను. జనులు ముట్టనొల్లని కుష్ఠరోగులను చేతితో ముట్టి స్వస్థపఱచెను. సభలో తిరస్కరింపబడిన కవికి ఈ గాథ యెంత ఆత్మీయమో మనము ఊహింపవచ్చును. తాను పొందిన విశ్వాసమునకు, తాను ప్రేమించిన పద్యమునకు ఒకే కావ్యమున ఆయన ఋణము తీర్చుకొనెను.

ఈ గ్రంథమునకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. అంతకు పూర్వమే, తిరుపతి వేంకట కవులలో నొకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయముగా జాషువా పాదమునకు గండపెండేరము తొడిగెను. జాషువా 1971వ సంవత్సరము జూలై 24న పరమపదించెను.

మేలు పొందినపుడు కృతజ్ఞత చూపుట సులభము. అవమానములు పడియు, ద్వేషమునకు చోటీయక, తన భాషకును తన దైవమునకును కృతజ్ఞుడై యుండుట కష్టము. జాషువా జీవితము మనకు నేర్పు పాఠమిదియే.

ప్రశ్నలు
1. జాషువాకు రెండు వైపుల నుండి కలిగిన కష్టమేమి?
2. 'క్రీస్తు చరిత్ర' ఎవరి ఋణము తీర్చుకొనుటయని చెప్పవచ్చును? ఎట్లు?