మండువా లోగిలి ఉంచాలా, అమ్మాలా?

అమలాపురం దగ్గర తాతగారు కట్టించిన మండువా లోగిలి తండ్రి పోయాక తనకు వచ్చిందని, దాన్ని 60 లక్షలకు అడుగుతున్నారని, అమ్మి మదుపు చేయవచ్చా అని హైదరాబాద్‌లో స్థిరపడిన పాఠకుడొకరు రాశారు.

ధరకన్నా ముందు హక్కు తేలాలి. వీలునామా లేకపోతే తల్లికీ, అక్కచెల్లెళ్లకూ వాటా ఉంటుంది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ పిత్రార్జితంలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1986లోనే ఆ దారి తొక్కింది. వాళ్ల సంతకాలు లేకుండా బయానా తీసుకోకూడదు.

వారసత్వంగా వచ్చినప్పుడు పన్ను లేదు, అమ్మినప్పుడు ఉంది. అంత పాత ఇంటికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా చూపవచ్చు. అది 6 లక్షలనుకుంటే లాభం 54 లక్షలు, 12.5 శాతం చొప్పున పన్ను 6.75 లక్షలు, సెస్ అదనం. లాభంలో 50 లక్షల దాకా ఆరు నెలల్లోగా ఆర్‌ఈసీ వంటి సంస్థల క్యాపిటల్ గెయిన్స్ బాండ్లలో పెడితే ఆ మేరకు మినహాయింపు. ఐదేళ్లు ఆ డబ్బు కదలదు, వడ్డీపై పన్ను తప్పదు.

తల్లి అక్కడే ఉంటుంటే అమ్మకం మాటే వద్దు. సంక్రాంతికి తప్ప తాళం తీయని ఇల్లయితే పెంకులు జారి, దూలాలకు చెదపట్టి విలువ ఏటా కరుగుతుంది. అప్పుడు అమ్మడమే మేలు. ముందుగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి.