రెండు బటన్ల కిటుకు
జంషెడ్‌పూర్ భాలుబాసాలోని ఇంటికి బ్రాంచి పని ముగించుకుని చేరేసరికి మా అబ్బాయి దిగాలుగా కూర్చున్నాడు. తెల్లారితే స్కూల్లో సైన్స్ ప్రదర్శన. మొక్కలకు నీళ్లు పెట్టే పరికరంలోని ఈఎస్‌పీ32 బోర్డులో పొరపాటున వేరే మోడల్ ఫర్మ్‌వేర్ ఎక్కించాడు. బోర్డులో ఉలుకూ పలుకూ లేదు. "పాడైపోయింది నాన్నా!"

పాడవలేదు. మనం ఎక్కించే ఫర్మ్‌వేర్ ఫ్లాష్ మెమరీలో ఉంటుంది. దాన్ని ఎక్కించుకునే తొలి ప్రోగ్రాం మాత్రం చిప్‌లోనే, చెరగని రోమ్‌లో ఉంటుంది.

యూఎస్‌బీ కేబుల్ కంప్యూటర్‌కు తగిలించి, బూట్ బటన్ నొక్కిపట్టి, ఈఎన్ బటన్ నొక్కి వదలాలి. తర్వాత బూట్ వదలాలి. ఈఎస్‌పీటూల్‌తో ఫ్లాష్ మొత్తం చెరిపి, సరైన ఫైలు ఎక్కించాలి. వైఫై పాస్‌వర్డ్ వంటి సెట్టింగులూ పోతాయి కనుక మళ్లీ ఇవ్వాలి.

ఆ రాత్రే మోటారు తిరిగింది. పిల్లల్ని కసిరేముందు, కొత్త బోర్డు కొనేముందు ఆ రెండు బటన్లు నొక్కి చూడండి.