సీ భాషలో దశాంశసంఖ్యను వ్రాతగా మార్చు విధము

సంఖ్య వేఱు, సంఖ్యను దెలుపు వ్రాత వేఱు. పలకపై 0.1 అని వ్రాయునపుడు ఈ భేదము మనకు తోచదు. కంప్యూటరునందు మాత్రము స్పష్టముగా కానవచ్చును. బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించిన సీ భాషను దృష్టాంతముగా గైకొని దీనిని విచారింతము.

సీ భాషలో ఇట్టి సంఖ్యలకు డబుల్ అను జాతి కలదు. సాధారణముగా నిది 64 బిట్లు గలది: ధనఋణముల గుర్తునకు 1, ఘాతమునకు 11, భిన్నభాగమునకు 52. 1985లో వెలువడిన ఐఈఈఈ 754 ప్రమాణమే దీనికి మూలము. 1ని 3చే భాగించినచో 0.333 అని యెడతెగక సాగునట్లే, పదియవవంతును రెండంకెల మానమున వ్రాయబోయిన నెన్నటికిని ముగియదు. కావున యంత్రము దానికి మిక్కిలి చేరువనున్న సంఖ్యను నిలుపుకొనును. అది 0.1 కంటె రవంత యధికము.

ఈ సంఖ్యను వ్రాతగా మార్చుటకు ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్ అను ప్రమేయము 1999 నాటి సీ ప్రమాణమున చేర్చబడినది. వ్రాత నుంచు చోటు, ఆ చోటి పరిమాణము, వ్రాయవలసిన తీరు, సంఖ్య అను నాలుగింటిని దానికి తెలుపవలయును. తీరునందు శాతపు గుర్తు ప్రక్క ఎఫ్ అక్షరము నుంచినచో చుక్క తరువాత 6 అంకెలు వచ్చును.

ఆ 6 అంకెలు చాలునా? 0.1ని 0.2తో కూడి వ్రాసినను, 0.3ను నేరుగా వ్రాసినను 0.300000 అనియే కనబడును. కాని యంత్రమునందు ఆ రెండును సమానములు కావు. జీ అక్షరముతో 17 అంకెలు కోరినచో మొదటిది 0.30000000000000004 అనియు, రెండవది 0.29999999999999999 అనియు తేలును. 17 సార్థకాంకెలతో వ్రాసిన వ్రాతను మరల చదివించినచో ఏ డబుల్ సంఖ్య యైనను మార్పులేక తిరిగివచ్చును. ఇట్లు తిరిగివచ్చు వ్రాతలలో మిక్కిలి పొట్టిదానిని కనుగొను పద్ధతిని గై స్టీల్, జాన్ వైట్ అనువారు 1990లో ప్రకటించిరి.

చోటి విషయమునను జాగరూకత వలయును. డబుల్‌లోని అత్యధిక సంఖ్యకు చుక్కకు ముందే 309 అంకెలుండును. గుర్తు, చుక్క, 6 అంకెలు, కడపటి శూన్యాక్షరము కూడినచో 318 స్థానములు కావలయును. పూర్వపు స్ప్రింట్ఎఫ్ చోటు చాలకున్నను వ్రాయుచునే పోయి ప్రక్కనున్న సమాచారమును చెఱచును. క్రొత్తది హద్దు దాటక, వ్రాతకు కావలసిన యక్షరముల సంఖ్యను శూన్యాక్షరము గాక తెలుపును. ఆ సంఖ్య చోటి పరిమాణమునకు సమానమైనను, మించినను వ్రాత తెగినదని గ్రహింపవలయును.

కావున విద్యార్థులారా, కంటికి చూపుటకు కొలది యంకెలు చాలును. దాచి మరల లెక్కించుటకు 17 వలయును. వ్రాయుటకు పూర్వమే ఆ వ్రాత యెవరి కొఱకో నిశ్చయించుకొనుడు.