నాయన పోయాక ఏ కాగితం ముందు?

సందేహం: మాది కళ్యాణదుర్గం పక్కన పల్లె. బెంగళూరుకు పనికెళ్లిన నాయన అక్కడే ఆసుపత్రిలో చనిపోయి నాలుగు నెలలైంది. ఆయన పేరున నాలుగెకరాల చెనక్కాయ చేను ఉంది. పాసు పుస్తకంలో ‘హనుమంతప్ప’, ఆధార్‌లో ‘హనుమంతరాయుడు’ అని ఉంది. మా ఇద్దరక్కలకు పెళ్లిళ్లయ్యాయి. మరణ ధ్రువపత్రం ఇక్కడ రాదని సచివాలయంలో చెప్పారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు

సమాధానం: వాళ్లు చెప్పింది నిజమే. చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది, 1969 నాటి చట్టం అది. ఆసుపత్రిలో చనిపోతే ఆ సమాచారం పంపాల్సింది ఆసుపత్రివారే. కాబట్టి ముందు అక్కడికి వెళ్లి, నమోదు చేయించారా, ఏ పేరుతో చేయించారు అని అడగండి. 21 రోజుల గడువు దాటినా ఏడాదిలోపు అనుమతి, ఆలస్య రుసుముతో పని అవుతుంది. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఇంకా ఆలస్యం చేయకండి.

పత్రం చేతికి రాగానే పేరు, తండ్రి పేరు, తేదీ అక్షరం అక్షరం చూసుకోండి. తర్వాతి కాగితాలన్నీ దీన్నిబట్టే వస్తాయి. ‘అప్ప’, ‘రాయుడు’ ఒక్కరేనని నోటరీ అఫిడవిట్ రాయించి, పాత ఓటరు కార్డు, రేషన్ కార్డు జతచేయండి.

తర్వాత సచివాలయంలోనో మీసేవలోనో కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి అర్జీ పెట్టండి. విచారణ జరిపి తహసీల్దారు ఇస్తారు. దాంట్లో అక్కల పేర్లు వదలొద్దు. ‘కట్నమిచ్చి పంపాం కదా’ అనే మాట చట్టం ముందు చెల్లదు. వీలునామా లేని స్వార్జితంలో మీ అమ్మకు, మీకు, అక్కలకు సమాన వాటాలు. మీ జేజి, అంటే నాయన తల్లి బతికుంటే ఆమెకూ అంతే వాటా. అక్కలు మనస్ఫూర్తిగా వద్దంటే హక్కు విడుదల దస్తావేజు సబ్‌రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరు చేయించండి. తెల్లకాగితం మీద వేయించుకున్న వేలిముద్ర రేపు మిమ్మల్ని కాపాడదు, పైగా తోబుట్టువుల మధ్య పగ మిగులుస్తుంది. ఇవన్నీ కుదిరాక పాసు పుస్తకం, 1-బీ జతచేసి మ్యుటేషన్‌కు దరఖాస్తు చేయండి.

సందేహం: చనిపోయిన మా ఆయన బ్యాంకు ఖాతాకు నామినీ మా మరిది. డబ్బంతా ఆయనదేనా?
– ఒక సోదరి

సమాధానం: కాదమ్మా. నామినీ బ్యాంకు నుంచి డబ్బు అందుకుంటారు, అంతవరకే. ఆ సొమ్ము వారసులదేనని సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది. మీ వారసత్వ హక్కు గురించి మరిదికి, బ్యాంకుకు లిఖితపూర్వకంగా తెలపండి. ఇవ్వనంటే సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు. ఈలోగా మీవారి ఏటీఎం కార్డు ఎవరూ వాడకండి.

ఇంకో మాట. బ్యాంకు పాస్‌బుక్కులో మే, జూన్ ప్రాంతంలో 436 రూపాయలు, 20 రూపాయలు కోసిన ఎంట్రీలున్నాయేమో వెతకండి. మొదటిది జీవన్ జ్యోతి బీమా, రెండోది సురక్షా ప్రమాద బీమా. మరణానికి మొదటిదాని కింద, ప్రమాద మరణమైతే రెండోదాని కిందా రెండేసి లక్షలు వస్తాయి. చేలో పాము కరిచి చనిపోయినా రెండోది వర్తిస్తుంది. అందుకు ఆసుపత్రి కాగితాలు పారేయకుండా దాచుకోవాలి.