పన్ను పద్దు నేర్పు పాఠము: ఆబ్జెక్టుల ప్రోగ్రామింగు

ఇంటిపన్ను డిమాండు రిజిస్టరును చూడని పంచాయతీ సభ్యుడుండడు. అందు ఒక్కొక్క యింటికి ఒక్కొక్క వరుస: అసెస్‌మెంటు నంబరు, యజమాని పేరు, ఈ యేటి డిమాండు, పాత బకాయి, వసూలైన మొత్తము, మిగులు. నేడు పంచాయతీ లెక్కలు నానాటికి కంప్యూటరులోనికి చేరుచున్నవి. పంచాయతీల ప్రణాళికలకు, జమాఖర్చులకు ఉద్దేశింపబడిన ఈ-గ్రామస్వరాజ్ ఏర్పాటును కేంద్ర ప్రభుత్వము 2020 ఏప్రిల్ 24వ తేదీన ప్రారంభించినది.

కాగితముపై దిద్దిన అంకె కంటికి కనబడును. కంప్యూటరు తెరపై మారిన అంకెకు కొట్టివేత గుర్తుండదు. కనుక ఆ యంత్రమునకు లెక్క నేర్పు విధానమును సభ్యులు కొంతయైన ఎరిగియుండుట అవసరము. అట్టి విధానములలో విరివిగా వాడుకలోనున్నది ఆబ్జెక్టుల ప్రోగ్రామింగు. రిజిస్టరు చదువగలవారెల్లరు దీనిని గ్రహింపగలరు.

పాత పద్ధతిలోని చిక్కు

కంప్యూటరు తనంత తాను ఏమియు నెరుగదు. చేయవలసిన పనులను వరుసగా వ్రాసి యిచ్చిన ఆజ్ఞల పట్టికయే ప్రోగ్రాము. తొలినాటి ప్రోగ్రాములలో అంకెలొకచోట, వాటిపై జరుపు పనులు వేరొకచోట నుండెడివి. రిజిస్టరును వీధి అరుగుపై తెరచి యుంచినట్లు, ప్రోగ్రాములోని అనేక భాగములు ఒకే అంకెను మార్చగలుగుచుండెను. ప్రోగ్రాము చిన్నదైనపుడు ఇబ్బంది లేదు. అది వేల పంక్తులకు పెరిగినపుడు, మిగులు తప్పుగా వచ్చినచో, ఏ భాగము మార్చినదో వెదకుట కష్టమయ్యెను.

నార్వే దేశమున ఓస్లో నగరములోని గణన కేంద్రమునందు ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అను ఇరువురు 1960ల దశకమున సిమ్యులా అను ప్రోగ్రామింగు భాషను నిర్మించిరి. 1967 నాటి దాని రూపమున నేటి క్లాసు, ఆబ్జెక్టు అను భావములు స్పష్టపడినవి. 1991లో వెలువడిన పైథాన్, 1995లో వెలువడిన జావా ఆ భావములను గైకొన్న భాషలే. నేడు మన గ్రామముల పిల్లలు కళాశాలలలో నేర్చుచున్నవి ఇవియే.

క్లాసు, ఆబ్జెక్టు

అచ్చువేసిన ఖాళీ ఫారమును తలచుకొనుడు. అందు ఏయే గడులుండవలెనో నిర్ణయమైయున్నది గాని, ఎవరి వివరములును లేవు. ఇట్టి నమూనాయే క్లాసు. ఆ నమూనా ననుసరించి ఒక యింటి వివరములతో ఏర్పడినది ఆబ్జెక్టు. ఊరిలో 800 ఇండ్లున్నచో క్లాసు ఒక్కటియే, ఆబ్జెక్టులు 800.

కాగితపు ఫారమునకు, దీనికి ఒక భేదము కలదు. ఫారములో వివరములు మాత్రమే యుండును. ఆబ్జెక్టు తన వివరములతోపాటు తాను చేయగల పనులను గూడ కలిగియుండును. 'డిమాండు లెక్కకట్టుట', 'సొమ్ము జమ చేసికొనుట', 'మిగులు తెలుపుట' అనునవి మన యింటిపన్ను ఆబ్జెక్టు చేయు పనులు.

నాలుగు సూత్రములు

మొదటిది ఎన్‌క్యాప్సులేషన్, అనగా వివరములను లోపల భద్రపరచుట. ఉదాహరణకు, ఒక యింటికి రూ. 600 బాకీ యున్నదనుకొందము. మిగులు గడిని బయటి భాగములు నేరుగా తాకరాదు. 'సొమ్ము జమ చేసికొనుము' అను ఆజ్ఞ ద్వారమున మాత్రమే అది మారవలెను. యజమాని రూ. 250 చెల్లించినపుడు, ఆ పని రశీదు నంబరును, తేదీని నమోదు చేసి, మిగులును రూ. 350గా మార్చును. రశీదు నంబరు లేని సొమ్మును తిరస్కరించునట్లు గూడ వ్రాయవచ్చును.

రెండవది అబ్‌స్ట్రాక్షన్, అనగా అవసరమైన దానిని మాత్రమే చూపుట. కార్యదర్శి మిగులెంతయని అడిగిన చాలును. లోపలి కూడికలు, తీసివేతలు ఆయనకు పట్టవు.

మూడవది ఇన్‌హెరిటెన్స్, అనగా వారసత్వము. ఇంటిపన్నుకు, కుళాయి రుసుమునకు కొన్ని లక్షణములు ఉమ్మడి: పేరు, బకాయి, రశీదు. వీటిని 'పన్ను ఖాతా' అను మూల క్లాసులో ఒక్కమారు వ్రాసినచో, తక్కిన రెండు క్లాసులకును అవి సంక్రమించును. ప్రత్యేక విషయములను మాత్రము వేరుగా చేర్చవలెను.

నాలుగవది పాలిమార్ఫిజమ్, అనగా ఒకే ఆజ్ఞకు ఎవరి రీతిని వారు పనిచేయుట. 'డిమాండు లెక్కకట్టుము' అన్నచో ఇంటి ఖాతా ఇంటి విలువను బట్టియు, కుళాయి ఖాతా నెలల సంఖ్యను బట్టియు లెక్కించును.

సభ్యులు గమనింపవలసినది

ఈ పద్ధతి వలన మేలెంతయో, జాగ్రత్తయు నంత అవసరము. క్లాసులో ఒక్క రూపాయి ఎక్కువ వచ్చునట్లు పొరపాటు జరిగినచో 800 ఇండ్లకును అదనపు భారము పడును. అయితే దానిని ఒక్కచోట దిద్దిన చాలును. మరియు ఆబ్జెక్టు రశీదు నంబరును అడుగగలదు గాని, సొమ్ము నిజముగా పంచాయతీ ఖాతాకు చేరినదో లేదో తనంత తాను ఎరుగదు. ఆ తనిఖీ మనుష్యులదే.

నీగార్డ్ 1970ల తొలినాళ్లలో నార్వే లోహ కార్మికుల సంఘముతో కలిసి పనిచేసెను. కర్మాగారములకు వచ్చుచున్న కంప్యూటరులను గూర్చి కార్మికులు తామే తెలిసికొని, వాటి విషయమున తమ మాట చెల్లించుకొనవలెనని ఆయన ఆశయము. ఆ మాట మన గ్రామములకును వర్తించును.

కావున పన్నుల లెక్క సమావేశమునకు వచ్చినపుడు సభ్యులు ఈ మూడు ప్రశ్నలు వేయవలెను: మిగులు అంకె ఏయే పనుల వలన మారగలదు? ప్రతి మార్పునకు తేదీయు, మార్చినవారి పేరును నిలుచుచున్నవా? పన్ను రేటు మారినపుడు లెక్క సూత్రమును ఎవరు మార్చుదురు, ఎవరు సరిచూతురు? జవాబు వచ్చిన పిమ్మట నాలుగైదు ఇండ్ల రశీదులను తెప్పించి, చేతితో లెక్కకట్టి, తెరపై అంకెతో సరిపోల్చుడు. రెండును ఒక్కటియైననాడు ఆ లెక్కపై నిశ్చింతగా సంతకము చేయవచ్చును.