కాఫీ గింజలకు మిక్సీ చాలు

ప్రశ్న: అరకు వెళ్లినప్పుడు వేయించిన కాఫీ గింజలు కొన్నాం. మిక్సీలో వేస్తే కొంత పిండిగా, కొంత పలుకులుగా వస్తోంది. ఫిల్టర్‌లో డికాక్షన్ దిగడం లేదు. కాఫీ గ్రైండర్ కొనాల్సిందేనా?
– ఓ పాఠకురాలు, విజయనగరం

జవాబు: అక్కర్లేదండీ. మిక్సీని ఆపకుండా తిప్పడమే ఇబ్బంది. బ్లేడు కింద ఉన్న గింజలు మెత్తటి పిండై ఫిల్టర్ రంధ్రాలను మూసేస్తాయి. పైన ఉన్నవి పలుకులుగానే మిగులుతాయి. పైగా జార్ వేడెక్కి సువాసన పోతుంది.

చిన్న జార్‌లో తడి లేకుండా చూసి, మూడు నాలుగు చెంచాల గింజలే వేయండి. రెండు మూడు సెకన్లు తిప్పి ఆపండి, జార్‌ను బాగా కుదపండి, మళ్లీ తిప్పండి. ఇలా ఎనిమిది పదిసార్లు చేస్తే సరిపోతుంది. పొడిని వేళ్ల మధ్య నలిపి చూడండి. బొంబాయి రవ్వ కంటే కాస్త సన్నగా, గరుకుగా తగలాలి. జల్లించి, పైన మిగిలిన పలుకులను మరోసారి తిప్పండి. జార్‌లో మసాలా వాసన ఉంటే ముందుగా గుప్పెడు బియ్యం వేసి తిప్పి, పొడిగుడ్డతో తుడవండి.

కరెంటు లేనప్పుడు చిన్న రోలు పనికొస్తుంది. కొద్దికొద్దిగా వేసి దంచండి.

డికాక్షన్ చుక్కచుక్కగా దిగాలి. గబగబా దిగిపోతే పొడి బరకగా ఉన్నట్టు, అసలు దిగకపోతే మరీ మెత్తనైనట్టు. గింజలను గాలి చొరని డబ్బాలో దాచి, ఏ పూటకు కావాల్సింది ఆ పూటే పొడి చేసుకోండి.