సూర్యగ్రహణం: భయమా? వేడుకా? ఆరాధనా?

పల్నాడులోని ఒక గ్రామంలో ధార్మిక ప్రసంగం ముగిశాక పరదా వెనుక నుంచి ఓ తల్లి మమ్మల్ని ఇలా అడిగింది: "హజ్రత్! గ్రహణం రోజు వద్దన్నా వినకుండా మా కోడలు కత్తిపీట పట్టింది. బిడ్డ గ్రహణం మొర్రితో పుట్టాడు. తప్పు దానిదే కదా?" ఆ కోడలు కూడా అక్కడే ఉందని, ఆమె ఏడుపు వినిపించాక గాని మాకు తెలియలేదు. ఈ పాఠం ఆ ప్రశ్నకు సమాధానమే.

హిజ్రీ 10వ సంవత్సరంలో దైవప్రవక్త (స) గారి పసికుమారుడు ఇబ్రాహీమ్ మరణించాడు. ఆ రోజే మదీనాలో సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త కుమారుని మరణానికే సూర్యుడు చీకటయ్యాడని జనం చెప్పుకోసాగారు. మౌనంగా ఉంటే ఆ మాట ఆయన ప్రతిష్ఠను పెంచేదే. కాని బిడ్డను పోగొట్టుకున్న ఆ దుఃఖంలోనూ ఆయన దాన్ని ఖండించారు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనల్లో రెండు సూచనలనీ, ఎవరి చావు వల్లగాని పుట్టుక వల్లగాని వాటికి గ్రహణం పట్టదనీ, అది చూసినప్పుడు నమాజు చేసి దుఆలో నిమగ్నం కావాలనీ బోధించారు. ఈ విషయం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. ప్రవక్త కుమారుని మరణంతోనే సంబంధం లేని గ్రహణానికి, మన కోడలి కత్తిపీటతో సంబంధం ఎక్కడిది?

పెదవి చీలిక గర్భం దాల్చిన తొలి వారాల్లోనే ఏర్పడుతుందని వైద్యులు చెబుతున్నారు. వంశపారంపర్యం, పోషకాహార లోపం, పొగాకు, కొన్ని రకాల మందులు దానికి కారణం కావచ్చు. శస్త్రచికిత్సతో దాన్ని సరిచేయవచ్చు. కాబట్టి తల్లిని నిందించడం మాని బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. గర్భిణిని పస్తు ఉంచడం, కదలకుండా పడుకోబెట్టడం ధర్మం కాదు, ఆమెకు చేసే అన్యాయం.

మన ప్రాంతానికి గ్రహణంతో ఘనమైన సంబంధమే ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. నేటి పల్నాడు కూడా ఆనాటి నీడ దారిలోనే ఉంది. సూర్యుని అంచున ఎగసే జ్వాలలు వాయువులేనని ఆయన గ్రహించాడు. ఆ ఏడాది పరిశోధనలే హీలియం అనే మూలకాన్ని కనుగొనడానికి దారితీశాయి. 1980 ఫిబ్రవరి 16న జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు సంపూర్ణ గ్రహణాన్ని పరిశీలిస్తుంటే, ఎందరో భయంతో తలుపులు మూసుకుని కూర్చున్నారు. సూర్యచంద్రులు ఒక లెక్క ప్రకారం నడుస్తున్నారని దివ్య ఖుర్ఆన్ బోధిస్తోంది. ఆ లెక్క తెలుసుకోవడం విశ్వాసానికి విరుద్ధం కాదు.

ఈ రోజుల్లో గ్రహణం ఒక వేడుకగా కూడా మారింది. మైదానాల్లో గుంపులుగా చేరి చూస్తున్నారు. భయం పోగొట్టడానికి జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు గ్రహణ వేళ అల్పాహారం పంచుతుంటాయి. తినడంలో దోషం లేదు, చూడడమూ నిషిద్ధం కాదు. అయితే ప్రత్యేకమైన గ్రహణ అద్దాలు లేకుండా సూర్యుణ్ణి చూస్తే కంటిచూపు దెబ్బతింటుంది. కళ్ళు అల్లాహ్ మనకిచ్చిన అమానతు. కేరింతలలో పడి నమాజును మరచిపోవడమే అసలు నష్టం.

గ్రహణ నమాజుకు అజాన్, ఇఖామత్ ఉండవు. నమాజు జమాఅతుకు రమ్మని పిలుపు ఇస్తే చాలు. హనఫీ విధానంలో మామూలు నఫిల్ లాగా రెండు రకాతులు, దీర్ఘ పారాయణంతో చేస్తారు. ప్రతి రకాతులో రెండు రుకూలు చేసే విధానమూ హదీసుల్లో ఉంది. ఈ విషయమై మస్జిదులో వాదులాట తగదు. 2022 అక్టోబరు 25న జరిగినట్లు గ్రహణం అసర్ తర్వాత, సూర్యాస్తమయ వేళ వస్తే, హనఫీలు నమాజుకు బదులు దుఆ, ఇస్తిగ్ఫార్ చేసుకోవాలి. సదఖా ఇవ్వడం కూడా ప్రవక్త (స) ఆదేశమే. ఆనాటి నమాజులో హజ్రత్ ఆయిషా (రజి), హజ్రత్ అస్మా (రజి) పాల్గొన్నారు. కనుక స్త్రీలకూ ఈ ఆరాధన నేర్పాలి.

పొరుగువారి ఆచారాలను ఎగతాళి చేయకండి. మీ ఇంటిని మాత్రం సరిదిద్దుకోండి. ఆ తల్లికి మేము ఇదే చెప్పాము: "అమ్మా! ముందు మీ కోడలిని క్షమాపణ అడగండి. తర్వాత మనవడిని డాక్టరుకు చూపించండి."

అల్లాహ్ మన హృదయాల నుంచి మూఢభయాన్ని తొలగించి, తన భయభక్తులతో నింపుగాక! ఆమీన్.